నలభై ఒక్క దినాల కట్టు

పిల్ల మోకాలు చేతిలోకి తీసుకోగానే సుంకన్నకు తెలిసిపోయింది. తెలిసినట్టు మొహంలో కనపడనివ్వలేదు. నలభై ఏళ్ళుగా విరిగిన ఎముకలకు కట్టు కడుతున్న మనిషి మొహం బండలాగే ఉండాలి, లేకపోతే మంచం మీద ఉన్నవాడు అక్కడే సగం చస్తాడు. ఎడమ అరచేయి తొడ కింద పెట్టి, కుడి చేత్తో పిక్క పట్టుకుని మెల్లగా తనవైపు లాగాడు. కాలి ఎముక బల్లసొరుగులా ముందుకు జారింది. ఆగాల్సిన చోట ఆగలేదు. ఇంకోసారి లాగి చూడాల్సిన పని లేదు. ఇంత సులువుగా జారిన మోకాలు ఈ చేతుల్లోకి ఇంతకు ముందు ఒక్కటే వచ్చింది. తొమ్మిదేళ్ళ కిందట, ఇదే నులక మంచం మీద. అది తన కొడుకుది.

"ఎట్లుండాది సుంకన్నప్పా?" పిల్ల తండ్రి రామప్ప తలాపున నిలబడి అడిగాడు. కుడతిని కరెంటు ఫ్యాక్టరీలో బూడిద లారీల మీద టార్పాలిన్ కట్టే కూలి. పొద్దున్నే బండి మీద కూతుర్ని వెనక కూర్చోబెట్టుకుని, బళ్ళారి దాటి, హగరి వంతెన దాటి ఇంత దూరం వచ్చాడు. "మూడు వారాల్లో బెంగళూరులో సెలెక్షన్ అంట పాపకి. ఆలోపల లేస్తాదా?"

"చూస్తాండా గదప్పా. ఉండు."

"సారు స్కానింగ్ తీయించమన్నాడు తాతా," అంది పిల్ల. ఆశ దాని పేరు. పదిహేడేళ్ళుంటాయి. నొప్పికి పెదవి కొరుక్కుంటోంది కానీ ఏడవడం లేదు. "మా నాయన ఇనలేదు."

"సారు వాళ్ళ నాయన చెయ్యే ఈడుండంగ స్కానింగ్ ఎందుకు మే? ఈయప్ప చేతికి కనపడంది ఆ మిషన్‌కి కనపడతాదా?" రామప్ప చుట్టూ చూసి నవ్వాడు. వాకిట్లో కొబ్బరికాయలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఇరవై మందిలో సగం మంది తలలూపారు. ఆదివారం, బుధవారం సుంకన్న వాకిలి ఇట్లాగే ఉంటుంది.

సారంటే దేవరాజ్, ఆశకు ఫుట్‌బాల్ నేర్పేవాడు. సుంకన్న కొడుకు. సుంకన్న లేచి, మూలనున్న గిన్నె దగ్గరికి పోయి, గుడ్డు పగలగొట్టి తెల్లసొన పోశాడు. మినుములు విసిరిన ఉద్దిపిండి వేశాడు. దంచిన నల్లేరు వేశాడు. కలపడం మొదలుపెట్టాడు. ఎందుకు కలుపుతున్నాడో తనకే తెలియదు, చేతులకు అలవాటు. కలిపినాక గడ్డకట్టే లోపల పూసేయాలి, లేకపోతే రాయి అవుతుంది. ఈ పిండి గడ్డకట్టే లోపల ఏదో ఒకటి చెప్పాలి. కడతాననో, కట్టననో.

సారంట. వీడు సారు అయ్యేవాడు కాదు. ఇసుకలో నేర్చుకున్నాడు ఆట. హగరి ఎండిన నెలల్లో ఏరంతా వీడిదే, మోకాళ్ళ దాకా ఇసుకలో దిగబడుతూ చింకి బంతి వెనక. ఇసుకలో పరిగెత్తినోడు గడ్డి మీద ఎగురుతాడని స్పోర్ట్స్ హాస్టల్ మాస్టరెవరో వచ్చి తీసుకుపోయాడు. ఇరవై ఏళ్ళకు బెంగళూరులో పెద్ద క్లబ్బు, కాంట్రాక్టు, వీపు మీద పదకొండో నంబరు, ఎడమ అంచున ఆడేవాడు. చేత్తో ముట్టకూడదంటే, చేతులతో బతికే సుంకన్నకు అదేం ఆటో అర్థమయ్యేది కాదు. అతని పెండ్లాం ఉచ్చంగెమ్మకు మాత్రం అర్థమైంది. పక్కింట్లో టీవీ ముందు కింద కూర్చుని, "అందరివీ ఒకటే రంగు సొక్కాలు, ఇందులో మనోడు ఎవుడే?" అని తనడిగితే, "అద్దో, మేజోడు పైకి లాక్కుంటాండాడు సూడు, వాడే" అని వేలు పెట్టి చూపించింది. బంతి ఎటుపోయినా ఆమె కళ్ళు ఆ మేజోళ్ళ మీదే. అవతల గోలు పడి జనం లేచి అరుస్తున్నా ఆమె చూడలేదు. కొడుకు కిందపడితే మాత్రం ఈమె తన మోకాలే పట్టుకునేది. ఆమె ఉండి ఉంటే. ఉండి ఉంటే ఏముంది, ఆమె ఉండి ఉంటే తను అబద్ధం చెప్పేవాడే కాదు, ఆమె మొహం చూసి చెప్పగలిగేవాడు కాదు. లేదు కాబట్టే చెప్పాడు.

కడుపునొప్పి అని ఆమెను తీసుకుపోతే పెద్దాసుపత్రిలో మూడు రోజులు గాజు తలుపు అవతల పెట్టారు. మూడో నాడు ఒక కుర్ర డాక్టరు ఫోను చూసుకుంటూ వచ్చి, ఫోను చూసుకుంటూనే ఆమె పోయిందని చెప్పి వెళ్ళాడు. ఆ మనిషి కళ్ళు ఎట్లుంటాయో కూడా సుంకన్నకు తెలియదు. ఆ సాయంత్రం దేవరాజ్‌కు మ్యాచ్ ఉంది. సుంకన్న పదకొండు సార్లు ఫోన్ చేశాడు. బట్టలు మార్చుకునే గదిలో, సంచిలో మోగి మోగి ఆగిపోయింది. రాత్రంతా ప్రయాణం చేసి వస్తాడని అందరికీ తెలుసు. మర్నాడు మధ్యాహ్నం దాకా ఆగుదామని ఊళ్ళో పెద్దలన్నారు. ఎత్తండి, అన్నాడు సుంకన్న. ఆట అయిపోయినాక వచ్చేవాని కోసం నా పెండ్లాం ఎదురుచూడదు, ఎత్తండి. భుజాన సంచితో, పిక్కల మీద ఎండిన బురదతో వాడు వచ్చేసరికి మట్టి వేసేసి నీళ్ళు చల్లుతున్నారు. వాడు ఏడుస్తూ మట్టి మీద పడితే, లేపడానికి నలుగురు పోయారు కానీ తండ్రి పోలేదు. మూడు గంటలు ఆగి ఉంటే వాడు తల్లి మొహం చూసేవాడు. ఆగలేదు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే, క్షమించడం ఈ ఒంట్లో లేదు. ఎవరినీ. ఎవరినీ అంటే అందులో తనూ ఉన్నాడు, కానీ ఆ సంగతి తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

"ఏమప్పా సుంకన్నా, గిన్నెలో గరిటె పెట్టి నిద్రపోతాండావా?" వాకిట్లోంచి హంపమ్మ అరిచింది. ముసలిది, బావి మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. "నా చెయ్యి ఈడ వంకాయ అయితాండాది."

"అయితే కూర చేసుకోపో," అన్నాడు. జనం నవ్వారు. ఆశ కూడా నవ్వింది. నవ్వితే మోకాలు కదిలి, మంచం పట్టె గట్టిగా పట్టుకుంది.

దేవరాజ్ కూడా ఆ పట్టెనే పట్టుకున్నాడు. తల్లి పోయిన మూడు నెలలకు, వానకు తడిసిన గడ్డి మీద, ఎవరూ తగలకుండానే, తిరగబోతే పాదం నేలకు అతుక్కుని మోకాలు ఒక్కటే తిరిగిందంట. క్లబ్బు డాక్టరు ఆపరేషన్‌కు రెండు వారాల్లో తేదీ ఇచ్చాడు. తొమ్మిది నెలల్లో మళ్ళీ ఆడతావన్నాడు. ఆ రెండు వారాలు బెంగళూరులోనే ఉండొచ్చు వాడు. ఉండలేదు. హగరి స్టేషన్‌లో దిగి, ఒంటికాలు మీద కుంటుకుంటూ ఇంటికొచ్చాడు. "నాయనా, నువ్వొకసారి సూడు" అన్నాడు. ఎందుకన్నాడు? డాక్టరు చూశాడు, ఫోటోలు తీశారు, తేదీ ఇచ్చారు, ఇంక తను చూసేదేముంది? తల్లిని పూడ్చిన నాటి నుంచి తండ్రి మాట్లాడలేదు కాబట్టి అన్నాడు. కాలు పట్టుకుంటాడు కదా, ముట్టుకుంటాడు కదా అని. కొడుకు తండ్రి చేతుల కోసం వచ్చాడు. చేతుల్లో పెట్టాడు. తను లాగాడు. సొరుగు జారింది.

ఆ క్షణానే తెలుసు. తన నాయన నేర్పిన మొదటి మాటే అది, అక్షరాల కంటే ముందు నేర్చుకున్నది. ఇరిగింది మనది రా సుంకా, తెగింది మనది గాదు. తెగినదాన్ని కట్టితే కాలు పోతాది, మన చెయ్యీ పోతాది. అట్లా భుజమో మడమో తెగినవాళ్ళను సుంకన్న అంతకు ముందు నలుగురైదుగురిని కట్టకుండా బళ్ళారి పంపించాడు, కొబ్బరికాయ కూడా ముట్టుకోకుండా తిప్పి పంపించాడు. ఆ రోజు నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది. ఏం గాలేదు, నరం పక్కకి జరిగింది, కట్టు కడతా. ఎన్ని దినాలు నాయనా? నలభై ఒక్కటి. విరిగిన తొడకైనా ఇరవై ఒక్క రోజులే కట్టే మనిషి నలభై ఒకటన్నాడు. ఇంకా ఎక్కువ చెప్తే వాడు నమ్మడని అక్కడ ఆగాడు. ఉచ్చంగెమ్మ చీర, పచ్చంచుది, పెట్టెలోంచి తీసి తనే పేలికలు చించాడు. కట్టుకు పేలికలు చించే పని ఎప్పుడూ ఆమెదే.

ఆ నలభై ఒక్క రోజులూ ఇంట్లో రెండు పూటలా పొయ్యి వెలిగింది. ఆమె పోయినాక పొద్దున వండిన సంకటే రాత్రికి నీళ్ళలో కలుపుకుని తాగేవాడు, మంచం మీద కొడుకు ఉన్నాడని అన్నం, పప్పు, గుడ్డు. పక్కన కూర్చుని తినిపించాడు. వాడు మాట్లాడాడు. బెంగళూరులో పొద్దున ఐదింటికి పరిగెత్తడం, మణిపూర్ నుంచి వచ్చిన పిల్లోడితో గదిలో పడుకోవడం, వాడికి ఉగ్గాని చేసి పెట్టడం. మీ అమ్మ పోయిన దినం గెలిచినారా, అని ఒక రాత్రి తను అడిగాడు. ఓడిపోయినాం నాయనా, అన్నాడు వాడు. ఎందుకో ఆ మాటకు సుంకన్నకు కొంచెం ప్రాణం నిమ్మళించింది. క్లబ్బు నుంచి ఫోన్లు వచ్చాయి. ఆపరేషన్ తేదీ దాటిపోయింది. "మా నాయన కట్టినాడు సార్, మా నాయన చెయ్యి మీకు తెల్దు" అని వాడు గర్వంగా చెప్తుంటే సుంకన్న గడప దగ్గర నిలబడి విన్నాడు. విని, లోపలికి పోయి ఫోన్ లాక్కుని, రేపే తీసుకొస్తానని చెప్పొచ్చు. నల్లేరు దంచడానికి పోయాడు. ఇప్పుడు పారిపోరా చూద్దాం, అనుకున్నాడా? అనుకున్నాడు. ప్రేమ అని చెప్పుకోవచ్చు, ఒంటరితనమని చెప్పుకోవచ్చు, ఊళ్ళో ఎవడైనా ఒప్పుకుంటాడు. కానీ అందులో పగ కూడా ఉంది. నువ్వు లేకుండా మీ అమ్మను మోశాను, ఇప్పుడు కూర్చో. అన్నిటికంటే కడగలేని సంగతి, ఆ నలభై ఒక్క రోజులూ తను సుఖపడ్డాడు.

నలభై రెండో నాడు విప్పితే తొడ చేతికర్ర అయింది. మోకాలు వంగలేదు. నూనె రాసి వంచాడు. వారం తర్వాత, ఏట్లోకి పో, పరిగెత్తు, అన్నాడు. వాడు నమ్మాడు. చిన్నప్పటి ఇసుక కదా, పది అడుగులు కుంటుతూ నడిచాడు, ఇరవై అడుగులు పరిగెత్తాడు, లేని బంతి కోసం ఎడమకు తిరిగాడు. గుడ్డ చిరిగిన శబ్దం గట్టు మీదికి వినపడింది. బెంగళూరులో పెద్ద డాక్టరు ఫిల్ము వెలుతురుకు పట్టి, ఎముకల మధ్య మెత్తగా ఉండాల్సింది పీలికలై పోయిందన్నాడు. మొదటే వచ్చి ఉంటే బాగయ్యేదన్నాడు. అన్ని దినాలు ఎందుకు ఆగావయ్యా, అని అడిగాడు. సుంకన్న అక్కడే నిలబడి ఉన్నాడు. దేవరాజ్ గోడవైపు చూస్తూ, "ఇంట్లో పని ఉండె సార్" అన్నాడు. అంతే. క్లబ్బు మరుసటి ఏడు పిలవలేదు. ఇరవై నాలుగేళ్ళకు ఆట అయిపోయింది. ఇప్పుడు కుడతిని ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ బట్టల్లో నిలబడి లారీల నంబర్లు చూస్తాడు, సాయంత్రం అక్కడి ఆడపిల్లలకు ఆట నేర్పిస్తాడు. నేర్పేటప్పుడు పరిగెత్తడంట. ఒకచోట నిలబడి చెయ్యి చూపిస్తాడంట.

ఒక్కసారి అడిగాడు. తల్లి సంవత్సరీకానికి వచ్చి అన్నం తింటూ, తల ఎత్తకుండా. "నాయనా, ఆ దినం నా కాలు పట్టుకున్నప్పుడు నీకేం తెల్లేదా?" ఏం తెల్సాల్రా, అన్నాడు తను. వాడు సగం అన్నంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ఆ తర్వాత ఏటా వస్తాడు, బియ్యం సంచి దించుతాడు, తల్లి సమాధికి నీళ్ళు పోస్తాడు, పోతాడు. ఈ మంచం మీద మాత్రం కూర్చోడు.

గరిటె బరువెక్కింది. పిండి బిగుస్తోంది. సుంకన్న గిన్నె పట్టుకుని మంచం దగ్గరికి వచ్చాడు. కట్టితే ఏమవుతుంది? ఈ పిల్ల సెలెక్షన్ పోతుంది, మోకాలు పోతుంది, రేపు ఎక్కడో గేటు దగ్గర నిలబడుతుంది. రామప్ప చెయ్యెత్తి దండం పెట్టి పోతాడు. ఎవరికీ ఏమీ తెలియదు. దేవరాజ్‌కు తప్ప.

"ఈ దినం కుదరదప్పా," అన్నాడు. "కీలు మీద అమాస ముందర కట్టకూడదు. ఇంటికి తీసుకపో."

తప్పించుకున్నాననుకున్నాడు. పరువు పోలేదు, కట్టూ పడలేదు.

"అమాస ఇంకా ఐదు దినాలుండాది గదప్పా! అంతవరకు పాప ఇట్లే ఉండల్లా?" రామప్ప తల గోక్కున్నాడు. "ఆయ్తు, ఏం చేస్తాం. చోరనూరు తావ ఒకాయప్ప కడతాడంట. అమాస గిమాస చూడడంట. ఇట్లే పోతాం. లే మే ఆశా."

ఆశ మంచం మీద నుంచి కాలు దించబోయింది. మోకాలు పక్కకు వాలింది. పిల్ల గొంతులోంచి ఒక చిన్న శబ్దం వచ్చింది, కుక్కపిల్ల శబ్దం లాంటిది. కట్టు ఎక్కడైనా పడుతుంది. తను చేతులు కడుక్కుంటే ఇంకొకరి చేతుల్లో పడుతుంది.

"పోవద్దు," అన్నాడు సుంకన్న. గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. వాకిట్లో తలలన్నీ ఇటు తిరిగాయి. "కట్టుకని యాడికీ పోవద్దు. ఇది ఇరగలేదు, తెగింది. తెగినదానికి కట్టు లేదు. నాకాడా లేదు, చోరనూరులోనూ లేదు. బళ్ళారిలో ఆసుపత్రికి తీసుకపో. కట్టితే కాలు పోతాది."

"ఏం మాట్లాడతావప్పా? దేవరాజ్ సారుకు నువ్వే కట్టినావంట గదా?"

"కట్టినా. వానిదీ తెగిందే. తెలిసే కట్టినా." ఇరవై మంది వింటున్నారు. ఒక కొబ్బరికాయ ఒళ్ళోంచి జారి దొర్లింది, ఎవరూ తీయలేదు. "వాడు ఇంట్లో ఉండల్లని కట్టినా. ఆపరేషన్ తేదీ దాటల్లని కట్టినా. చాలునా?"

రామప్ప, "కన్నకొడుక్కా?" అన్నాడు. వెనక వరసలో ఇద్దరు లేచి, చెప్పులు వేసుకుని, కొబ్బరికాయలు పట్టుకునే వెళ్ళిపోయారు. హంపమ్మ తన వాచిన చెయ్యిని ఒళ్ళోకి లాక్కుంది.

"నాది ఇరిగిందా, తెగిందా? ముందు అది చెప్పు," అంది. గొంతులో ఎకసెక్కెం లేదు.

"నీది ఇరిగిందే."

"దేవుని మీద ఒట్టెయ్యి."

ఒట్టేశాడు. నలభై ఏళ్ళలో సుంకన్నను ఎవరూ ఒట్టడగలేదు.

ఆశ మంచం మీద అట్లాగే వెనక్కి ఆనుకుని తననే చూస్తోంది. చిన్నపిల్ల చూపు కాదది. "సారుకి ఈ మాట చెప్పినావా తాతా?" అంది.

"లేదు."

"మాకందరికీ చెప్పినావు." ఫోన్ తీసి, నంబరు నొక్కి, చాపింది. సుంకన్న చేతికి పిండి అంటుకుని ఉంది. పంచెకు తుడుచుకుని తీసుకున్నాడు. రెండు సార్లు మోగింది.

"చెప్పు ఆశా, స్కానింగ్‌కి పోయినారా?" ఎంత మెత్తని గొంతు. తనతో ఆ గొంతు మాట్లాడి ఎన్నేళ్ళయింది.

"నేనురా దేవా."

అవతల లారీ హారన్ మోగింది. ఎవరో కన్నడంలో గేటు తీయమని అరిచారు. "ఆ ఫోను నీ దగ్గరేంది?" మెత్తదనం పోయింది. "కట్టినావా?"

"కట్టలా. తెగింది. బళ్ళారికి పొమ్మన్నా." ఊపిరి పీల్చుకున్నాడు. "నీదీ కట్టేది గాదురా. పట్టుకున్న దినమే తెలిసింది నాకు. నువ్వు అడిగినప్పుడు లేదన్నా. తెలిసింది."

లారీ ఒకటి కదిలిపోయిన చప్పుడు. ఇంకొకటి. తిట్టరా, అనుకున్నాడు సుంకన్న. వీళ్ళందరి ముందు తిట్టు, వినపడేట్టు తిట్టు. తల్లి పేరెత్తి తిట్టు. మూడు గంటలు ఎందుకు ఆగలేదని అడుగు. అది కూడా చెప్తాను.

"మోకాలు వాచిందా?" అన్నాడు దేవరాజ్.

"వాచింది."

"నడిపించొద్దు. బండి మీద కాలు వేలాడేసి కూర్చోబెట్టొద్దు. ఆటో పిలిపించి, సీటు మీద కాలు చాపమను. నేను బళ్ళారిలో ఆసుపత్రి కాడికి వస్తాండా, రామప్పకి చెప్పు."

"దేవా..."

పెట్టేశాడు. సుంకన్న ఫోన్ పంచెకు తుడిచి ఆశకు ఇచ్చాడు.

"ఏమన్నాడు?" రామప్ప అడిగాడు.

"నడిపించొద్దన్నాడు సారు. ఆటో పిలుచుకొని రా. కాలు చాపి కూర్చోబెట్టల్లంట. ఆసుపత్రి కాడికి ఆయప్ప వస్తాడంట."

రామప్ప రోడ్డు మీదికి పరిగెత్తాడు. గిన్నెలో పిండి రాయి అయిపోయింది. సుంకన్న మంచం చివర కూర్చున్నాడు. ఆటో వచ్చేదాకా ఆ పిల్ల మడమను రెండు అరచేతుల్లో ఎత్తి పట్టుకుని, లాగకుండా, నొక్కకుండా, ఊరికే పట్టుకుని ఉన్నాడు.